బిల్లు లేకుండా బంగారం కొనమంటున్న మెసేజ్‌కి జవాబు

అక్షయ తృతీయకి ఒకసారి, దీపావళికి ఒకసారి, మధ్యలో పెళ్లి ముహూర్తాలు ఉన్నప్పుడల్లా ఇంకోసారి. 'బంగారం కొనేవారికి హెచ్చరిక' అనే మెసేజ్ తిరిగి తిరిగి నా ఫోన్లోకే వస్తోంది. 'చాలాసార్లు ఫార్వర్డ్ అయింది' అని వాట్సాప్ పైన గుర్తు వేసి మరీ చూపిస్తున్నా మనవాళ్లు ఆగరు. ఈసారి ఆడిటర్ ఆఫీసులో పనిచేసే మా బావమరిది కూడా పంపాడు. ఇక ఊరుకోవడం నా వల్ల కాలేదు.

మెసేజ్‌లో ఉన్నది ఇదీ. బంగారం మీద పన్ను మొత్తం 26 శాతం. పాత నగ అమ్మితే 3 శాతం జీఎస్టీ కోస్తారు. 50 వేలు దాటితే పాన్ తప్పదు. ఇంట్లో 500 గ్రాములకి మించి ఉంటే జప్తు. పాత నాణేలు దాచుకునేవాళ్లు కూడా జీఎస్టీ నంబరు తీసుకోవాలి. పాత నగ మార్చుకుంటే మన బంగారానికి మనమే మళ్లీ పన్ను కట్టాలి. కాబట్టి తెలిసిన షాపులో బిల్లు లేకుండా కొనండి, 3 శాతం మిగులుతుంది.

26 శాతం ఎలా వచ్చిందంటే, బంగారం మీద 3, మజూరీ మీద 5, హాల్‌మార్క్ మీద 18, మూడూ కలిపేశారు. అద్దె 10 శాతం, పాలు 5 శాతం, పేపరు బిల్లు 20 శాతం పెరిగితే ఇంటి ఖర్చు 35 శాతం పెరిగిందన్నట్టుంది. షాపులో తయారుగా ఉన్న నగ కొంటే బంగారం, తరుగు, మజూరీ అన్నీ కలిపిన మొత్తం మీద పడేది 3 శాతమే. లక్ష రూపాయల బంగారం, 12 వేల మజూరీ ఉన్న గొలుసుకి జీఎస్టీ 3,360. హాల్‌మార్క్ రుసుము 45 రూపాయలు, దాని మీద 18 శాతం వేస్తే 53 రూపాయల 10 పైసలు. ఆ భయంకరమైన 18 శాతం అంటే 8 రూపాయల 10 పైసలన్నమాట.

నిజంగా బరువైన పన్ను బిల్లులో కనిపించదు. అది దిగుమతి సుంకం, బంగారం ధరలోనే కలిసి వస్తుంది. 2022 జూలై నుంచి రెండేళ్లపాటు అది 15 శాతం ఉంది, 2024 జూలైలో 6కి తగ్గించారు. కంటికి కనిపించే 3 మీద ఏటా రెండుసార్లు హెచ్చరికలు వస్తాయి. కనిపించని 15 ఉన్న రెండేళ్లలో దాని మీద నాకు ఒక్క మెసేజ్ కూడా రాలేదు.

పాన్ సంగతి: 2017 ఆగస్టులో మనీలాండరింగ్ చట్టం కింద 50 వేల నిబంధన తెచ్చారు, అదే ఏడాది అక్టోబర్ 6న రద్దు చేశారు. రెండు నెలలు కూడా బతకని నిబంధనకి మనవాళ్లు ఏటా ప్రాణం పోస్తున్నారు. పాన్ అడిగేది 2 లక్షలు దాటితే. 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం మాత్రం షాపువాళ్లకి నిషేధం. తీసుకుంటే జరిమానా వాళ్లకే.

500 గ్రాముల కథ ఇంకా ముచ్చటగా ఉంటుంది. 1994 మే 11న ఆదాయపన్ను బోర్డు తన అధికారులకి ఒక సూచన ఇచ్చింది. సోదాల్లో పెళ్లయిన స్త్రీ దగ్గర 500, పెళ్లికాని అమ్మాయి దగ్గర 250, మగవాళ్ల దగ్గర 100 గ్రాముల వరకు నగలుంటే వాటిని జప్తు చేయొద్దని. అంతవరకు ముట్టుకోవద్దన్న మాటని, అంతకుమించి ఉండకూడదన్నట్టు తిప్పేశారు. ఎలా కొన్నారో చూపించగలిగితే ఎంతయినా ఉంచుకోవచ్చని 2016 డిసెంబర్ 1న ఆర్థిక శాఖ మళ్లీ చెప్పింది కూడా. చూపించడానికి ఏం కావాలో వేరే చెప్పాలా?

పాత నగ అమ్మకానికి వద్దాం. జీఎస్టీ వచ్చిన కొత్తలో, 2017 జూలైలో, ఈ విషయంలో గందరగోళం ఉన్నమాట నిజమే. కానీ అదే నెల 13న ఆర్థిక శాఖ వివరణ ఇచ్చింది. ఇంట్లోవాళ్లు సొంత నగ అమ్ముకోవడం వ్యాపారం కాదు, దాని మీద జీఎస్టీ లేదు, కొన్న షాపువాడు రివర్స్ చార్జ్ కింద, అంటే అమ్మినవాళ్ల బదులు తనే, కట్టాల్సిందీ లేదు అని. టచ్ (శుద్ధత) తక్కువ వచ్చిందనో, రాళ్ల బరువనో, కరిగిస్తే తరుగు పోతుందనో కోస్తే అది బేరం, దాని మీద వాదించుకోవచ్చు. జీఎస్టీ పేరు చెప్పి కోశారంటే మాత్రం ఆ డబ్బు ప్రభుత్వానికి పోదు, గల్లాపెట్టెలోకి పోతుంది. ఈ మెసేజ్ చదివి తలూపి వెళ్లినవాళ్లే అలాంటి షాపులకి మంచి గిరాకీ.

ఇక అసలు విషం చివరి వాక్యంలో ఉంది. బిల్లు లేకుండా కొనమనడం.

షాపు వైపు నుంచి చూడండి. పక్కాగా వ్యాపారం చేసేవాడు బులియన్ డీలర్ (ముడి బంగారం అమ్మేవాడు) దగ్గర కడ్డీ కొన్నప్పుడే 3 శాతం కట్టి ఉంటాడు. మీకు బిల్లు వేసినప్పుడు వసూలు చేసే పన్నులో దాన్ని మినహాయించుకుంటాడు. అంటే బిల్లు వేయడం వల్ల అతని జేబులోంచి పోయేదేమీ లేదు. బిల్లు వేయకుండా అమ్మితే మాత్రం స్టాకు పుస్తకంలో ఉన్న బంగారం షాపులో ఉండదు. ఆ తేడా తనిఖీలో అతని పీకల మీదికొస్తుంది. అందుకే బిల్లుతో తెచ్చిన బంగారాన్ని తెలివైనవాడెవడూ బిల్లు బదులు ఉత్త చీటీ మీద అమ్మడు. చీటీ మీద అమ్మేది సాధారణంగా చీటీ మీద వచ్చిన బంగారమే. అది దొంగచాటుగా దిగుమతైందో, ఎవరి నగలో కరిగించిందో, ఆ నగలు ఎవరి మెడలోంచి వచ్చాయో మీకు తెలియదు. దొంగ దిగుమతి అయితే అతనికి సుంకం కూడా మిగిలింది. మీకు 3 వదిలినట్టు నటించి మిగతాది అతను ఉంచుకున్నాడు. 'ఇద్దరికీ లాభం' అంటే ఇదే కాబోలు.

మీకు మిగిలిందేమిటో కూడా లెక్క వేద్దాం. పైన చెప్పిన గొలుసుకి 3,360 మిగిలింది, సంతోషం. 22 క్యారెట్లంటే 916, అంటే వెయ్యి పాళ్లలో 916 పాళ్లు అసలు బంగారం. చేతికొచ్చింది 20 క్యారెట్లు, అంటే 833 అయితే, లక్షలో దాదాపు 9 వేలు గాల్లో కలిసినట్టే. హాల్‌మార్క్ నగ మీద ఆరు అక్షరాల, అంకెల హెచ్‌యూఐడీ, అంటే ఆ నగకి మాత్రమే ఇచ్చిన గుర్తింపు సంఖ్య, ఉంటుంది. ప్రభుత్వ ప్రమాణాల సంస్థ బీఐఎస్ వాళ్ల 'బీఐఎస్ కేర్' యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. శుద్ధత తగ్గిందని తేలితే ఆ తేడాకి రెట్టింపు, పరీక్ష ఖర్చు కూడా అమ్మినవాడు ఇవ్వాలని నిబంధన ఉంది. అయితే అమ్మింది ఫలానా షాపేనని రుజువు చేయాలి. 'ఎస్టిమేట్' అని రాసిన తెల్లకాగితం మీద షాపు పేరు కూడా ఉండదు. ఉంటే దాన్ని ఎస్టిమేట్ అనరు.

ఇంకా ఉంది. కొన్నేళ్లకి ఆ లక్ష బంగారాన్ని రెండున్నర లక్షలకి అమ్మారనుకుందాం. 2024 జూలై 23 తర్వాతి నిబంధనల ప్రకారం 24 నెలలు దాటి ఉంచుకున్న బంగారం లాభం మీద పన్ను 12.5 శాతం. బిల్లుంటే లాభం లక్షన్నర, పన్ను 18,750. బిల్లు లేకపోతే మీరు లక్ష పెట్టి కొన్నారని అధికారి నమ్మాల్సిన పనిలేదు. మొత్తం రెండున్నర లక్షలూ లాభమే అంటే 31,250. ఎప్పుడు కొన్నారో కూడా చూపించలేరు కనుక 24 నెలలు దాటిందనీ నమ్మనక్కర్లేదు. మూడు వేలు మిగుల్చుకుని పన్నెండున్నర వేలు పోగొట్టుకోవడం ఎలాగో నేర్పే మెసేజ్ ఇది. ఇల్లు దొంగలు దోచుకుని సొమ్ము దొరికితే, అది మీదేనని స్టేషన్‌లో చూపించాల్సిన కాగితం కూడా అదే బిల్లు. పుణ్యం కట్టుకోండి, ఆ వాక్యం ఒక్కటయినా తీసేసి పంపండి.

నాణేలవాళ్ల గురించి రాసింది పూర్తి అబద్ధం కాదు, సగం. తాత దాచిన మొహరునో, సరదాగా పోగుచేసినవో ఎప్పుడో ఒకటి అమ్ముకుంటే అది వ్యాపారం కాదు. కొనడం, అమ్మడం అదే పనిగా చేస్తే వ్యాపారమే. అప్పుడు ఏడాది టర్నోవర్ ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ కావాలి. అలా వ్యాపారం చేసేవారు పక్క రాష్ట్రానికి ఒక్క నాణెం అమ్మినా ఈ పరిమితులు వర్తించవు, మొదటి రూపాయి నుంచే నంబరు ఉండాలి. పన్ను రేటులోనూ ఒక తిరకాసుంది. లక్ష్మీదేవి బొమ్మ వేసి అమ్మే కొత్త బంగారు బిళ్లకి 3 శాతం, చరిత్ర కోసం కొనే సేకరణ నాణేనికి 5. రెండిట్లోనూ ఉన్నది బంగారమే అయినా. సేకర్తలు దీని మీద గొణుక్కుంటే వాళ్లని తప్పుపట్టను.

మిగిలింది మార్పిడి. మన బంగారానికి మనమే మళ్లీ పన్ను కట్టాలన్నది నిజం. నేను ఎన్ని విధాలుగా చూసినా నిజమే. 40 గ్రాముల పాత నగ ఇచ్చి 50 గ్రాముల కొత్తది తీసుకుంటే, జీఎస్టీ అదనపు 10 గ్రాముల మీద కాదు, మొత్తం 50 మీదా పడుతుంది. మార్పిడి లేకుండా అయితే ఎంతకి అమ్ముతారో ఆ విలువ మీద పన్ను కట్టాలన్నది నిబంధన. పాత సెల్‌ఫోన్ ఇచ్చి కొత్తది కొనడాన్ని నిబంధనలోనే ఉదాహరణగా ఇచ్చారు. ఫోన్ పాతబడితే విలువ పడిపోతుంది, బంగారానికి ఆ బాధ లేదు. అమ్మమ్మ గాజులు అమ్మ నెక్లెస్‌గా, ఆ నెక్లెస్ కూతురి హారంగా మారిన ప్రతిసారీ అదే లోహానికి 3 శాతం కట్టడాన్ని నేను సమర్థించలేను. పాత నగని కరిగించకుండా, మెరుగు పెట్టి ఉన్నదున్నట్టు అమ్మే డీలర్ తన లాభం మీదే పన్ను కట్టవచ్చని 2021లో కర్ణాటక అడ్వాన్స్ రూలింగ్ అథారిటీ (జీఎస్టీ సందేహాలకి ముందుగానే తీర్పు చెప్పే సంస్థ) చెప్పింది. కరిగిస్తే ఆ వెసులుబాటు పోతుంది.

అయితే మెసేజ్ రాసిన మహానుభావుడు భయపెట్టిన మజూరీ మీది ఆ 5 శాతమే ఇక్కడ దారి చూపిస్తుంది. మీ బంగారం మీరే ఇచ్చి, నగ చేసిపెట్టినందుకు కూలి మాత్రమే ఇస్తే, పన్ను ఆ కూలి మీదే. 4 లక్షల విలువైన పాత బంగారం, 40 వేల మజూరీ అనుకోండి. మార్పిడిలో జీఎస్టీ 13,200. సొంత బంగారంతో చేయిస్తే 2 వేలు. రిజిస్ట్రేషన్ అక్కర్లేనంత చిన్న కంసాలి అయితే అదీ లేదు. పెద్ద షాపులు ఈ పనికి ఒప్పుకోకపోవచ్చు, అడిగి చూడండి. ఇచ్చేముందు తూకం, టచ్ రాయించి సంతకంతో రసీదు తీసుకోండి. నగ చేతికొచ్చాక బీఐఎస్ గుర్తింపు ఉన్న పరీక్షా కేంద్రానికి మీరే తీసుకెళ్లి చూపించుకోవచ్చు. దానికి నగల వ్యాపారి అయి ఉండనక్కర్లేదు.