సర్వీస్ చార్జి గారికి ఒక మొహమాటస్తుడి లేఖ

మహారాజశ్రీ సర్వీస్ చార్జి గారికి,

నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. మీరు కులాసాగానే ఉన్నారని ఆమధ్య ఓ శనివారం రాత్రి బిల్లు చూసి తెలుసుకున్నాను.

మా అమ్మాయి మొదటి జీతం అందుకుందని నలుగురం హైదరాబాదులో ఓ రెస్టారెంటుకి వెళ్ళాం. పేరెందుకు లెండి, మీరక్కడే ఉన్నారుగా. మేం తిన్నది 4,000 రూపాయలకి. దాని కింద మీరు, పది శాతం చొప్పున 400. మీ కింద జీఎస్టీ. అదైనా తిండి మీద వేసి ఊరుకున్నారా, తిండినీ మిమ్మల్నీ కలిపి 4,400 మీద ఐదు శాతం వేసి 220 అన్నారు. మొత్తం 4,620. అంటే మీకు 400 ఇచ్చింది చాలక, మీ తరఫున పన్ను 20 రూపాయలు కూడా నేనే కట్టాను. పిలవని చుట్టం దిగబడి, ఆటోవాడికి మనచేత డబ్బులిప్పించినట్టు.

మా మావగారు కళ్ళజోడు సవరించుకుని బిల్లంతా చదివి, "గవర్నమెంటు మరీ బాదేస్తోందోయ్" అన్నారు. అదండీ మీ ప్రతిభ! సర్వీస్ ట్యాక్స్ అని పూర్వం ఒకాయన ఉండేవాడు. 2017 జూలైలో జీఎస్టీ రాగానే కాలం చేశాడు. మీరు ఆయనకి ఏమీ కారు. మీరు పన్ను కారు, ఏనాడూ కాలేదు. కానీ ఆయన ఇంటిపేరు పెట్టుకుని, జీఎస్టీ పక్కన కుర్చీ వేసుకుని, శాతం గుర్తు బిళ్ళలా తగిలించుకుని కూర్చుంటే మిమ్మల్ని అనుమానించేదెవరు? ఎస్సై గారి పక్కన నిలబడి ఫొటో దిగినవాడికి ఊళ్ళో చాయ్ ఉచితం కదా, అలాగ.

మీ మీద నడిచిన వ్యవహారం తక్కువదేం కాదు. ఇష్టమైతేనే ఇస్తారు, లేకపోతే లేదు అని 2017 ఏప్రిల్‌లోనే కేంద్రం చెప్పింది. మీరు వినలేదు. 2022 జూలై 4న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇంకాస్త గట్టిగా చెప్పింది. బిల్లులో తనంతట తాను వచ్చి కూర్చోకూడదు, మారుపేరుతో రాకూడదు, ఇవ్వనన్నవాణ్ణి గుమ్మంలో ఆపకూడదు, తిండి బిల్లులో కలిపేసి జీఎస్టీ వెయ్యకూడదు. మీ వాళ్ళు, అదే రెస్టారెంట్ల సంఘాలవాళ్ళు, అదే నెలలో ఢిల్లీ హైకోర్టుకి పరిగెత్తి స్టే తెచ్చారు. మధ్యలో 2023లో కొందరి దగ్గర మీకు 'స్టాఫ్ కాంట్రిబ్యూషన్' అని నామకరణం కూడా జరిగింది. చివరికి 2025 మార్చి 28న ఆ నిబంధనలు సరైనవేనని తీర్పిచ్చి, కేసు వేసిన రెండు సంఘాలకీ చెరో లక్ష ఖర్చుల కింద వడ్డించింది కోర్టు. ఆ లక్షల మీద సర్వీస్ చార్జి వేశారో లేదో తెలియదు. మీ వాళ్ళు మళ్ళీ అప్పీలుకి వెళ్ళారు.

ఇంత జరిగినా మా టేబుల్ దగ్గర మీరు ఎలా బతికున్నారా అని ఆ రాత్రి ఆలోచించాను. కోర్టుల వల్ల కాదు. మా మొహమాటం వల్ల.

బిల్లు నల్లటి అట్టలో పెట్టి తెస్తారు చూడండి, ఏదో శుభలేఖలాగ, అది తెరిచి మీ పేరు చూడగానే నాలో చట్టం తెలిసిన పౌరుడు లేచి నిలబడ్డాడు. "ఇది తీసెయ్యమని అడుగుతాను" అన్నాను. మా అమ్మాయి "నాన్నా, ప్లీజ్, వదిలెయ్" అంది. మా ఆవిడ పక్క టేబుల్ వైపు చూసింది. మావగారు గొంతు సవరించుకున్నారు. ఆ పౌరుడు కూర్చున్నాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నాకు కంఠతా వచ్చు. కానీ కూతురి మొదటి జీతం విందులో, నోట్లో సోంపు పెట్టుకుని 1915కి ఫోన్ చేసే మగాణ్ణి నేనింతవరకు చూడలేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడగందే మీరు పోరు. అడగడమే మాకు చేతకాదు. బజార్లో అరకిలో బెండకాయల దగ్గర పది నిమిషాలు బేరమాడే వంశం మాది. ఏసీ వేసి, గుడ్డ న్యాప్‌కిన్ ఒళ్ళో పరిచేసరికి నోరు పడిపోతుంది.

మీ తరఫు వాదన ఒకటుంది, అది కొట్టిపారెయ్యను. టిప్పు వడ్డించినవాడికే పోతుంది, లోపల పొయ్యి దగ్గర చెమటోడ్చేవాడికీ గిన్నెలు తోమే ఆవిడకీ ఎవడిస్తాడు, నేను వస్తేనే అందరికీ తలా ఇంత అందుతుంది అంటారు. మంచి మాటే. అందుకే ఆ రాత్రి మాకు వడ్డించిన కుర్రాణ్ణి అడిగాను, "బాబూ, ఈ 400లో నీకెంతొస్తుంది?" అని. ఒరిస్సా కుర్రాడు, తెలుగు బాగానే పట్టుకున్నాడు. ముందు మేనేజరు వైపు చూశాడు. తర్వాత "స్వీట్ ఏమైనా చెప్పమంటారా సార్?" అన్నాడు. నాకు కావలసిన జవాబు దొరికింది. గిన్నెలు తోమే ఆవిడ మీద అంత జాలి ఉంటే ఆవిడ జీతం పెంచి, 350 రూపాయల బిర్యానీని 385 చెయ్యండి. ధర ఎంత పెట్టుకోవాలో మీ ఇష్టం, ఎవరూ అడ్డుకోరు. కానీ అలా చేస్తే మెనూలో అంకె పెద్దదిగా కనబడుతుంది, పక్క హోటల్‌కి పోతామేమోనని భయం. అందుకే మీరు మెనూ ఆఖరి పేజీలో, చీమ తలకాయంత ఇంగ్లిషు అక్షరాల్లో దాక్కుంటారు.

మా భాషలో కొసరు అని ఓ మాట ఉంది. తూకం అయ్యాక అమ్మేవాడు తనంతట తాను పైన వేసేది. గుప్పెడు పచ్చిమిరపకాయలు, ఓ రెబ్బ కరివేపాకు. కొసరి వడ్డించడమూ అంతే, వద్దంటున్నా విస్తట్లో పడే ఇంకో గరిటె పప్పు. మా చిన్నప్పటి టిఫిన్ హోటళ్ళలో సర్వరు సాంబారు బకెట్టు పట్టుకుని తిరుగుతుండేవాడు, గిన్నె ఖాళీ కానిచ్చేవాడు కాదు. ఇరానీ హోటల్లో బేరర్ కాగితం ముట్టకుండా అందరి లెక్కా నోటితో గల్లా దాకా అరిచేవాడు. లేచేటప్పుడు సాసర్ కింద ఓ రూపాయి బిళ్ళ పెట్టామంటే అది మేం వేసిన కొసరు. మీరు కొసరుని తిరగేసి కట్టారు. వడ్డించేవాడు వెయ్యడు, తినేవాడి దగ్గర గుంజుతారు.

ఆ రూపాయి బిళ్ళ మాట కూడా చెప్పుకోవాలి. ఫోన్లతో కట్టడం మొదలయ్యాక చిల్లర పోయింది. 186 రూపాయల బిల్లుకి రెండొందలిచ్చి "ఉంచుకో" అనే చిన్న దర్జా కూడా దాంతోనే పోయింది. ఇప్పుడు 186 అంటే 186 స్కాన్ చేస్తాం, సర్వరు ముఖం చూడకుండా వెళ్ళిపోతాం. ఈ పాపంలో మీకు వాటా లేదు, మాదే.

మీ చుట్టాలు కూడా బాగా విస్తరించారు. ఫుడ్ యాప్‌లో ప్లాట్‌ఫామ్ ఫీజు గారు కనబడ్డారు. రైల్వేవాళ్ళకి పది రూపాయలిస్తే నిజంగా ఒక ప్లాట్‌ఫామ్ ఉంటుంది, ఎక్కి నిలబడొచ్చు, మామయ్యకి చెయ్యి ఊపొచ్చు. డల్లాస్‌లో ఉన్న మా బావమరిదినడిగితే, కౌంటర్ దగ్గర కాఫీ తనే అందుకుని తనే మోసుకెళ్ళినా మెషిన్ ఇటు తిప్పి టిప్పు 18, 20, 25 శాతం అని చూపిస్తారట. అక్కడి సంగతి వేరు లెండి. టిప్పులొచ్చే సర్వరుకి యజమాని గంటకి 2.13 డాలర్లిస్తే చాలని ఫెడరల్ చట్టం, అది 1991 నుంచి కదల్లేదు. జీతం బరువు తినేవాడి నెత్తిన పెట్టడం వాళ్ళు చట్టం చేసుకుని చేశారు. మీరు చట్టం వద్దన్నా చేస్తున్నారు.

ఇక అసలు సంగతి. నిన్న మా ఆవిడా నేనూ మళ్ళీ అక్కడికే వెళ్ళాం. పంతానికి. తిండి 2,000, మీరు 200. ఈసారి అమ్మాయి లేదు. మేనేజరుని పిలిచి, గొంతు కాస్త వణికినా అడిగేశాను. ఆయన ఒక్క మాట ఎదురు చెప్పలేదు. "ష్యూర్ సార్" అని అరనిమిషంలో కొత్త బిల్లు తెచ్చాడు. ఇన్నాళ్ళూ ఇంతేనా! పన్నుతో కలిపి 210 రూపాయలు మిగిలాయి. ఛాతీ ఉప్పొంగింది. ఇంతలో ఆ ఒరిస్సా కుర్రాడే సోంపు తెచ్చి పెట్టి, నా వైపు చూసి నవ్వాడు. పొట్ట కొట్టాననుకుంటాడేమో అనిపించింది. జేబులో మూడు వంద నోట్లుంటే మూడూ వాడి చేతిలో పెట్టేశాను.

మెట్లు దిగుతూ మా ఆవిడ లెక్క చెప్పింది. నేను వినలేదు.

ఇట్లు,
మీ మీద గెలిచి 90 రూపాయలు నష్టపోయిన
ఒక కస్టమర్