లాంబ్డా గారికి, ఛాతీ నడిమధ్య పిక్సెల్ రాసుకున్న మనవి

రెగ్యులరైజేషన్ లాంబ్డా గారూ,

కరెంటు పంపి ఛాతీ లోపలిని గీసే ఈఐటీ బొమ్మని ఎంత నునుపు చేయాలో చెప్పే అంకె తమరు; అందులో ఏది ఉండాలో, ఏది ఉండకూడదో తేల్చే పెద్దలూ తమరే. బొమ్మ కింద మాత్రం తమరి పేరుండదు. అంత నిరాడంబరత!

ఛాతీ చుట్టూ 16 ఎలక్ట్రోడ్లు కట్టి, పక్కపక్క జతల్లోంచి కరెంటు పంపితే 208 వోల్టేజీలు వస్తాయి. పంపే జతనీ కొలిచే జతనీ తారుమారు చేసినా అదే విలువ కాబట్టి సగం పునరుక్తే. మిగిలిన 104తో 32×32 గళ్లు నింపాలి. చాలని సమాచారం తమరి ఖజానాలోంచే రావాలి కదా!

అంచున ఉన్న పిక్సెళ్లకి ఎలక్ట్రోడ్ల అండ ఉంది. నడుమనున్న నా దాకా కరెంటు వచ్చేది అంతంతమాత్రం. నా విలువ అంటే చాలావరకు తమరి అభిప్రాయమే. తమరు పెరిగితే రెండు ఊపిరితిత్తులూ కలిసి ఒకే మబ్బు. తగ్గితే గుండె పక్కన ఇంకో గుండె మొలుస్తుంది.

సరిహద్దు కొలతలతో లోపలి వాహకత తెలుసుకోగలమా అని 1980లో గణితవేత్త కాల్డెరాన్ అడిగాడు. కొలతల్లో లోటూ దోషమూ లేకపోతే గలమని తర్వాత గణితం చెప్పింది. ఐసీయూలో చెమటకి ఊడొచ్చే ఎలక్ట్రోడ్‌కి ఆ షరతు ఎవరూ చెప్పలేదు! పైగా బల్లపరుపు ఛాతీకి గుండ్రటి నమూనా తగిలిస్తారు. ఆ తప్పంతా అంచుల్లో పోగైతే తమరు మెత్తగా పూసేస్తారు. ఊపిరి తీసినప్పటికీ వదిలినప్పటికీ తేడా మాత్రమే గీస్తే ఇలాంటి తప్పులు చాలావరకు కొట్టుకుపోతాయి, నిజమే. అన్నీ పోవు.

2009లో గ్రెయిట్ అనే ఉమ్మడి పునర్నిర్మాణ పద్ధతి తెచ్చిన పరిశోధకులు తమరికి కాస్త పగ్గం వేశారు. చిన్న లక్ష్యాన్ని ఎక్కడ పెట్టినా ఒకేలా కనపడుతోందా, చోటు తప్పుతోందా, చుట్టూ లేని వలయాలు పుడుతున్నాయా అని కొలవమన్నారు. అయినా మీటను తిప్పుతూ పోయి, ఊపిరితిత్తుల్లా కనపడగానే ఆపి, "మెరుగైన పునర్నిర్మాణం" అని రాసేవాళ్లకి కొదవా?

ఇప్పుడు తమరికి వారసుడొచ్చాడు, న్యూరల్ నెట్‌వర్క్. శిక్షణలో ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తులే చూసి ఉంటే, ఒకటి కుప్పకూలిన రోగికీ రెండూ చక్కగా గీసిపెట్టగలడు. తమరి మసక కనీసం మసకని తెలిసిపోయేది.

ఒకటే కోరిక. బొమ్మ కింద తమరి విలువా, దాన్ని ఎలా ఎంచారో వేయించండి. పక్కనే తమర్ని పెంచీ తగ్గించీ గీసినవి రెండు. అది చూసి వెంటిలేటర్‌లో పీప్ (ఊపిరి వదిలాక కూడా ఊపిరితిత్తుల్లో నిలిపే ఒత్తిడి) ఎంత పెట్టాలో నిర్ణయించే డాక్టర్‌కి, నా రంగు ఎవరు వేశారో తెలియాలి కదా.

ఇట్లు,
తమరి దయమీద వెలిగే పిక్సెల్