జమ్మలమడుగు నుంచి ఒక విన్నపం

శీతాకాలంలో డాలస్‌లో పొద్దున తొమ్మిదంటే జమ్మలమడుగులో రాత్రి 8:30. అప్పుడు అమెరికా ఆఫీసు పనికి లాప్‌టాప్ తెరిస్తే తెల్లవారుజామున 4:30కు మూస్తాను. నిద్ర పట్టదు. బండి తీసుకుని 15 కిలోమీటర్లు పోతే గండికోట. ఎర్రమల కొండల్ని పెన్న చీల్చుకుపోయిన గండి అంచున కూర్చుంటే, ముందు ఎదుటి గట్టు రాళ్ల నెత్తిన ఎరుపు పడుతుంది. అడుగున నీళ్లు ఇంకా నల్లగానే ఉంటాయి. ఆ వెలుగు కిందికి దిగేదాకా కదలబుద్ధి కాదు.

మూడు నెలలుగా ఇదే నా దినచర్య. అమెరికాలోని మన తెలుగు సంఘంలో చాలామంది అడుగుతున్నారు, అలా వచ్చి పని చేసుకోవచ్చా అని. చేసుకోవచ్చు. ఫైబర్ ఉంది, దానికి తోడు ఫోన్ నెట్ పెట్టుకోవాలి, ఇన్వర్టర్ తప్పనిసరి. నాకు ఒకసారి రెండు రోజులు నెట్ పోయింది, క్లయింట్‌కు డెమో ఉన్న రోజే. పన్ను సంగతి ముందే ఆడిటరును అడగండి. ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు, అంతకన్నా ఎక్కువ ఉంటే ఇక్కడి రెసిడెంట్ కింద లెక్క, కొందరికి 120 రోజులకే ఆ చిక్కు మొదలవుతుంది.

అయితే కోట దగ్గర టెంటు వేసుకుని ఒక రాత్రి ఉండి పోవడానికి మాత్రం రావద్దు. ఆదివారం పొద్దున జామియా మసీదు పక్కనా, ధాన్యాగారం ముందూ పడి ఉండే నీళ్ల సీసాలు, పేపరు ప్లేట్లు చూస్తే కడుపు రగులుతుంది. ఆ కోటలోపల ఇప్పటికీ ఒక ఊరుంది, జనం కాపురాలున్నాయి. ఊళ్లో ఇల్లు అద్దెకు తీసుకోండి. అద్దె, పాలు, కూరగాయలు, బండి రిపేరు, అన్నీ ఇక్కడే కొనండి. ఈ నేల ఇప్పటికే చాలా ఇచ్చింది. కోటకు ఎగువన రిజర్వాయరులో 26.85 టీఎంసీలు పడతాయి. 2020లో నీళ్లు నింపినప్పుడు తాళ్లప్రొద్దుటూరు వాళ్లు పుట్టిన ఇళ్లు వదిలిపోయారు. ఆ రిజర్వాయరు నీళ్ల కింద ఇంకొకరి వాకిళ్లున్నాయి.

నేను రాయాలనుకున్న అసలు మాట వేరు. పక్కింటి పెద్దమ్మ పొద్దున్నే జొన్న రొట్టెలు తడుతుంది. తడి చేత్తో ముద్దను పీట మీద తిప్పుతూ తడితే అంచు ఎక్కడా పగలకుండా పరుచుకుంటుంది. కోట నుంచి తిరిగొచ్చేసరికి నాకూ రెండు రొట్టెలు, ఇంత ఎర్రకారం పెడుతుంది. ఒకరోజు పెనం మీద రొట్టె తిప్పుతూ అడిగింది:

"నాయనా, నువ్వు అమెరికా పని ఈడ కూచోని చేస్తాండావు గదా. మా పిల్లోడు బెంగళూరు పని ఈడ కూచోని చేసే వీల్లేదా?"

ఆ అబ్బాయి బీటెక్ చదివాడు. జీతంలో సగం బెంగళూరు గది అద్దెకే పోతుంది. పండక్కి వస్తాడు, మూడోరోజు పోతాడు. నేను చేసే పనికీ అతను చేసే పనికీ పెద్ద తేడా లేదు. ఇద్దరం అదే కోడ్ రాస్తాం, అలాంటి మీటింగుల్లోనే కూర్చుంటాం. నాకు గండికోట సూర్యోదయం, అతనికి ఎలక్ట్రానిక్ సిటీ ట్రాఫిక్. ఆమెకు ఏం చెప్పాలో తోచలేదు.

కానీ ఈ పత్రిక చదివేవాళ్లలో మేనేజర్లున్నారు, డైరెక్టర్లున్నారు. బెంగళూరు, హైదరాబాద్ టీములకు ఖాళీలు రాసేది మీరే, ఎవరు ఎక్కడినుంచి పని చెయ్యొచ్చో సంతకం పెట్టేది మీరే. మీ టీములో ప్రొద్దుటూరు పిల్ల, పులివెందుల పిల్లాడు ఉంటే, నెలకు రెండు వారాలు ఇంటినుంచి పని చెయ్యనివ్వండి. నేను జమ్మలమడుగు నుంచి చేస్తే ఆగని పని, వాళ్లు చేస్తే ఎందుకు ఆగుతుంది?

పోయిన వారం మా టీములో రెండు ఖాళీలు వచ్చాయి. పని చేసే చోటు అన్న గడిలో బెంగళూరు తీసేసి, 'ఎక్కడినుంచైనా' అని రాసి పైకి పంపాను. జవాబు ఇంకా రాలేదు. పెద్దమ్మ రోజూ అడుగుతోంది.