శాస్త్రవేత్తలకు ఇంత చాదస్తం ఎందుకు?

మనిషి శరీరంలో 48 రకాల న్యూక్లియర్ రిసెప్టార్లున్నాయి, అంటే కణాల్లో హార్మోన్ల కోసం కాచుకుని కూర్చునే ప్రొటీన్లు. హార్మోన్ వచ్చి అతుక్కోగానే డీఎన్ఏ మీద వాలి, కొన్ని జన్యువులతో పని చేయించడం, కొన్నింటి నోరు మూయించడం వీటి ఉద్యోగం. ఏ మందు దేనికి అతుక్కోవాలో తేల్చడానికి శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి తలలు బద్దలుకొట్టుకున్నారు. మన వీధి చివరి మందుల షాపులో అడిగితే నిమిషంలో తేలేది.

అసలు గొడవ కార్టిసాల్‌తో వచ్చింది. మన అడ్రినల్ గ్రంథుల్లో తయారయ్యే ఈ హార్మోన్‌కు మొహమాటం లేదు. వాపు తగ్గించే గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టార్‌నూ పట్టుకుంటుంది, ఒంట్లో ఉప్పు నిలవ చేసే మినరలోకార్టికాయిడ్ రిసెప్టార్‌నూ వదలదు. దీన్ని ఆపడానికి కిడ్నీలో ప్రత్యేకంగా ఒక ఎంజైమే కాపలా ఉంది. మందుగా మోతాదు పెంచి ఇస్తే ఆ కాపలా చాలదు. ఒంటికి నీరు పడుతుంది, బీపీ ఎక్కుతుంది.

సరే, 1950లలో అణువును చెక్కడం మొదలుపెట్టారు. తొమ్మిదో కార్బన్‌కు ఫ్లోరిన్ తగిలించారు. బలం పెరిగింది, ఉప్పు పట్టే గుణం అంతకు మించి పెరిగింది! అప్పుడు పదహారో కార్బన్‌కు మిథైల్ అనే చిన్న అణువుల గుత్తి అతికించారు. ఉప్పు గుణం దాదాపు మాయం. అలా వచ్చినవాడే డెక్సామెథాసోన్. 20 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ (మందుగా ఇచ్చే కార్టిసాలే) చేసే పని 0.75 మిల్లీగ్రాములతో ముగించే ఏకపత్నీవ్రతుడు.

ఇంత నిష్ఠను మనం వృథా పోనిస్తామా? మోకాళ్ల నొప్పికి డెక్సా, జ్వరానికి డెక్సా, దురదకు డెక్సా, పిల్ల ఒళ్లు చేయకపోతే డెక్సా.

"బాబూ, మొన్నటి చిన్న గోళీలే ఇవ్వు, నడుం లేచింది."

"వాడు పెద్దమ్మా, మంచి పవరు. రెండు పూటలా."

చీటీ లేదు, ఎన్నాళ్లన్న లెక్కా లేదు. 2020లో బ్రిటన్‌లో జరిగిన 'రికవరీ' అనే మందుల పరీక్షలో కోవిడ్ రోగులకు ఈ డెక్సానే రోజుకు 6 మిల్లీగ్రాముల చొప్పున పది రోజుల వరకు ఇచ్చి చూశారు. ఆక్సిజన్ లేదా వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లకే మేలు కనబడింది. మనవాళ్లు మందు పేరు వరకు చదివారు, మిగతాది చిన్న అక్షరాల్లో ఉంది కాబోలు.

ఒక్క లొసుగు మాత్రం ఉంది. మందు ఒకే రకం రిసెప్టార్‌ను పట్టుకుంటుంది నిజమే, కానీ ఆ రిసెప్టార్ ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఉంది. అందుకే మోకాలికని వేసుకుంటే షుగర్ పెరుగుతుంది, ఎముక గుల్లబారుతుంది, ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది. ఊళ్లో మాత్రం "పెద్దమ్మ కాస్త కోలుకుంది" అంటారు.

ఈలోగా అడ్రినల్ గ్రంథులు, బయటి నుంచి సరఫరా బాగానే ఉంది కదా అని పని మానేస్తాయి. డబ్బుల్లేక పెద్దమ్మ గోళీలు ఒక్కసారిగా ఆపేస్తే లేచి నిలబడలేదు, కళ్లు తిరుగుతాయి. వెంటనే ఆర్‌ఎంపీ గారికి కబురెళ్తుంది. ఆయన నాడి పట్టి చూసి, "నీరసం, ఒక సెలైన్ ఎక్కిద్దాం" అంటారు. సీసాలోకి అలవాటుగా ఒక డెక్సా కూడా ఎక్కిస్తారు. సాయంత్రానికల్లా పెద్దమ్మ లేచి కూర్చుంటుంది, ఆర్‌ఎంపీ గారి హస్తవాసి మంచిదని ఊరంతా ఒప్పుకుంటుంది.