ఎప్పుడు అడుగు వేయాలో కూడా చెప్పాల్సింది
బాక్సింగ్‌లో పొడుగు చేతుల ప్రత్యర్థి మీదికి వేగంగా దూసుకెళ్లాలని మీ వ్యాసంలో రాశారు. సగమే ఒప్పుకుంటాను. తిన్నగా దూసుకెళ్లేవాడికి ముందు తగిలేది జాబే, అంటే ముందు చేత్తో తిన్నగా విసిరే గుద్దే. ముందు కాలు చిన్నగా జరగాలి, వెనక కాలు వెంటనే అంతే దూరం రావాలి. పాదాలు ఒకదాన్నొకటి దాటిన క్షణంలో దెబ్బ తగిలితే నిలదొక్కుకోవడం కష్టం. 1971లో మహమ్మద్ అలీని ఓడించిన బాక్సర్ జో ఫ్రేజియర్‌ను చూడండి. అలీకన్నా పొట్టి, అయినా తల ఒక్కచోట ఉంచకుండా ఊగుతూ, జాబ్ కిందుగా లోపలికి చొరబడి ఎడమ హుక్ (పక్కనుంచి వంపుగా వచ్చే గుద్దు) విసిరేవాడు. అసలు కిటుకు, అవతలివాడు జాబ్ విసిరిన చెయ్యి వెనక్కి తీసుకుంటున్నప్పుడే అడుగు వేయడం. దాని గురించి ఒక్క మాటా రాయలేదెందుకో! లోపలికి వెళ్లాక ఎదురుగానే నిలబడితే కింది నుంచి పైకి వచ్చే అప్పర్‌కట్‌ గుద్దుకు గడ్డం అప్పగించినట్టే, పక్కకు జరగాలి. మోకాలి దెబ్బలను అనుమతించే కిక్‌బాక్సింగ్‌లో అయితే ఫ్రేజియర్‌లా అంతగా వంగడమూ ప్రమాదమే, ప్రత్యర్థి మోకాలు కాచుకుని ఉంటుంది.