ఎన్నటికీ వయసు మీద పడని బ్రోషర్ గారికి

నమస్కారం.

రిటైరైనవాళ్ళ కోసం కట్టిన కాలనీలో ఇల్లు తీసుకోమంటూ తమరు మా ఇంటికి దయచేసి నేటికి మూడు నెలలు. పదహారు పేజీల నున్నటి కాగితం, పోస్టులో నలగకుండా దానికో అట్టకవరు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఏ ఆఫీసూ నాకు ఇంత ఖరీదైన కాగితం మీద ఉత్తరం రాయలేదు. రిటైరయ్యాక ఇంత మర్యాద జరుగుతుందని తెలిస్తే ఇంకో రెండేళ్ళు ముందే దిగిపోయేవాణ్ణి.

మీ అట్ట మీది దంపతులు మా ఇద్దరికీ తెగ నచ్చారు. ఇద్దరిదీ తెల్లజుట్టే, కానీ ఒక్క వెంట్రుకా ఊడినట్టు లేదు. చేతుల్లో టెన్నిస్ రాకెట్లు. ఎందుకో విరగబడి నవ్వుతున్నారు. లోపలి పేజీల్లో మొత్తం నలభై ఒక్కమంది పెద్దవాళ్ళున్నారు. అవును, లెక్కపెట్టాను, నాకు మాత్రం వేరే పనేముంది? ఆ నలభై ఒక్కమందిలో చేతికర్ర ఉన్నవాళ్ళు ఎవరూ లేరు. చెవి మిషన్ పెట్టుకున్నవాళ్ళు లేరు. కళ్ళజోళ్ళు రెండున్నాయి, రెండూ ఎండకి పెట్టుకునేవే. బాత్రూమ్ ఫొటోలో గోడకి పట్టుకునే కడ్డీ ఓ మూల సగం కనబడుతోంది. మిగతా సగాన్ని ఫొటోగ్రాఫర్ గారు కత్తిరించేశారు. పడిపోతే పట్టుకోవాల్సిన కడ్డీ చూస్తే పడిపోతామన్న సంగతి గుర్తొస్తుందని కాబోలు.

‘యాక్టివ్’ అన్న మాట మీలో ఇరవై ఆరుసార్లు వచ్చింది. ‘ముసలి’ ఒక్కసారీ లేదు. అబద్ధం ఎందుకు, నాకూ హాయిగానే ఉంది. ఆ మాట ఉండి ఉంటే మిమ్మల్ని ఆ రోజే పాత పేపర్లలో పడేసేవాణ్ణి. ఈ నాటకంలో మీకెంత భాగం ఉందో నాకూ అంతే ఉంది.

మీకింకో తోబుట్టువు ఉందని తర్వాత తెలిసింది. వేరే ఊళ్ళో ఉన్న మా అమ్మాయికి వెళ్ళింది. అందులోనూ అట్ట మీద ఆవిడే, అదే జుట్టు, అదే నవ్వు. కాకపోతే నాకొచ్చిన దాంట్లో మూడో పేజీలో సైకిల్ తొక్కుతున్న మనిషి, మా అమ్మాయికి వెళ్ళిన దాంట్లో అదే పేజీలో నర్సుకి చెయ్యిచ్చి బీపీ చూపించుకుంటోంది. నాకేమో ‘మీ స్వేచ్ఛ మీ చేతుల్లో’ అని రాశారు. దానికేమో ‘మీ అమ్మానాన్నల గురించి ఇక టెన్షన్ వద్దు’ అని. ఇక్కడ సైకిల్ దిగి అక్కడ మంచమెక్కేసరికి ఆవిడకి పాపం ఊపిరాడుతోందో లేదో.

మీ పుట్టుపూర్వోత్తరాలు కూడా కాస్త తిరగేశాను. అమెరికాలో అరిజోనా ఎడారిలో 1954లో రిటైరైనవాళ్ళ కోసమే ఒక ఊరు కట్టి, దానికి యంగ్‌టౌన్ అని పేరు పెట్టారు. మీ వంశంలో చమత్కారం అప్పటినుంచే ఉందన్నమాట. దాని పక్కనే 1960 జనవరి 1న డెల్ వెబ్ అనే బిల్డర్ సన్ సిటీ తెరిచాడు. ఐదు రకాల మోడల్ ఇళ్ళు, కొన్ని షాపులు, ఓ క్లబ్బు, గోల్ఫ్ మైదానం. మొదటి వారాంతంలోనే లక్షమంది వచ్చి చూశారట, ఆయన అనుకున్నదానికి పదింతలు. ఇళ్ళతోపాటు తీరికని కూడా కట్టి అమ్మొచ్చని లోకానికి చూపించిన ఘనుడు. గోల్ఫ్ మైదానం తెరిచిన రోజే సిద్ధంగా ఉంది. ఆ ఊళ్ళో పెద్దాసుపత్రి తలుపులు తెరుచుకున్నది 1970లో. బంతికి, బీపీకి మధ్య పదేళ్ళు.

చట్టం సంగతి ఇంకా ముచ్చటగా ఉంది. పిల్లలున్న కుటుంబాలకి ‘ఇల్లు ఇవ్వం’ అనడం కుదరదని 1988లో అక్కడ చట్టం చేశారు. 55 నిండినవాళ్ళ కాలనీలకి మాత్రం మినహాయింపు, అయితే పెద్దవాళ్ళకి పనికొచ్చే ప్రత్యేక సౌకర్యాలు గట్టిగా ఉండాలన్నారు. 1995లో ఆ సౌకర్యాల షరతు ఎత్తేశారు. నూటికి కనీసం ఎనభై ఇళ్ళల్లో 55 నిండినవాళ్ళు ఒక్కరైనా ఉండి, ఇది పెద్దవాళ్ళ కాలనీ అని ప్రకటించుకుని, వయసు రుజువులు చూపిస్తే సరిపోతుంది. అంటే పెద్దవాళ్ళ కాలనీ అనిపించుకోవడానికి కావాల్సిన ముఖ్యమైన సరుకు వయసు. దాన్ని మోసుకొచ్చేది మేమే. అదేమిటో, దానిక్కూడా మా దగ్గరే డబ్బు తీసుకుంటారు.

సరే, మీ మాట నమ్మి చూడటానికి వచ్చాం. తిప్పి చూపించిన అమ్మాయి చాలా మంచిది. ‘ఇది ఓల్డేజ్ హోమ్ కాదంకుల్’ అని ఐదు నిమిషాల్లో నాలుగుసార్లు చెప్పింది, నేనొక్కసారీ అడక్కుండానే. ఈత కొలనులో నీళ్ళు ఇస్త్రీ చేసినట్టున్నాయి, ఒక్క అల లేదు. జిమ్‌లో సైకిల్ సీటుకి కంపెనీవాళ్ళ ప్లాస్టిక్ కవరు ఇంకా ఉంది. మీ మూడో పేజీ ఆవిడ తొక్కింది దీన్ని కాదనుకుంటా.

అక్కడినుంచి భోజనాల హాలుకి తీసుకెళ్ళింది. తలుపు బయట వరసగా పధ్నాలుగు వాకర్లు నిలబెట్టి ఉన్నాయి. అన్నీ ఒకేలా ఉంటాయి కదా, మారిపోకుండా ఎవరి గుర్తు వాళ్ళు పెట్టుకున్నారు. ఒకదానికి ఎర్ర రిబ్బను. ఒకదానికి పాత తాళాల గుత్తి. ఇంకోదానికి చేత్తో కుట్టిన చిన్న సంచీ, అందులో కళ్ళజోడు పెట్టె, మడతపెట్టిన పేపరు, మందుల డబ్బా. దాదాపు అన్నిటికీ వెనక కాళ్ళకి టెన్నిస్ బంతులు. నేల మీద గీరుకోకుండా బంతిని కోసి కాలికి తొడుగుతారు. కాబట్టి బ్రోషర్ గారూ, టెన్నిస్ గురించి మీరు రాసింది పచ్చి అబద్ధమని నేనెక్కడా అనను.

లోపల పెద్దావిడ ఒకరు కూర్చోమన్నారు. ఆ అమ్మాయికి ఫోనొచ్చి అటు తిరగ్గానే, ‘ఈ చూపించడాలన్నీ పగటిపూటే ఉంటాయి నాయనా’ అన్నారు. ‘బెల్లు కొడితే ఎంతసేపటికి వస్తారని వాళ్ళనడక్కు. రాత్రి ఎనిమిదింటికి వచ్చి కొట్టి చూడు. పనివాళ్ళు ఎన్నాళ్ళుగా ఉంటున్నారో కనుక్కో. నాకు స్నానం చేయించే పిల్ల ఈ ఏడాదిలో ఐదోది.’ మీ పదహారు పేజీలూ కలిపినా ఆ నాలుగు ముక్కల విలువ చేయవు. ఏమీ అనుకోకండి.

తర్వాత అగ్రిమెంటు తెప్పించుకున్నాను. మీ అక్షరాలు దూరాన్నుంచి కూడా చదవొచ్చు. దాని అక్షరాలకి భూతద్దం కావాలి. చేరేటప్పుడు పెద్దమొత్తం కట్టాలి. ఆపైన నెలనెలా చార్జీ. ఆ చార్జీ ఏటా పెంచుకునే హక్కు వాళ్ళది, ఎంత అన్నది రాయలేదు. మానేస్తే కట్టింది తిరిగిస్తారు, ఆ ఇల్లు ఇంకొకరు కొన్నాక. ఎప్పటిలోగా అంటే గడువేమీ లేదు. ముసలితనంలో చేయూత కావాలంటే రకరకాల ఒప్పందాలు. ముందే ఎక్కువ కట్టేస్తే తర్వాత మంచంలో పడ్డా నెల చార్జీ పెద్దగా మారనిది ఒకటి. ఇన్ని రోజుల వరకే సేవ, ఆపైన మీ ఖర్చు అనేది ఇంకొకటి. ఏ సేవకి ఆ రేటు అప్పటికప్పుడు కట్టుకోవాల్సింది మూడోది. చేరేనాటికి అన్నిట్లో చవగ్గా కనబడేది ఆ మూడోదే. మాకు గట్టిగా చెప్పింది కూడా దాని గురించే. పైగా ఆఫర్ నెలాఖరు వరకేనట! అరవై ఆరేళ్ళు ఆగినవాణ్ణి, నెలాఖరు దాటకూడదా?

నలభై మూడో పేజీలో ఒక వాక్యం ఉంది. ‘నివాసి స్వతంత్రంగా ఉండలేరని యాజమాన్యం భావించినచో’ వేరే విభాగానికి మార్చవచ్చునట. భావించేది ఎవరు? డాక్టరా, మేనేజరా, అకౌంటెంటా? ఇన్నాళ్ళూ నేను యాక్టివా కాదా అన్నది మా ఆవిడ తేల్చేది. ఆ అధికారం ఎవరికి పోతోందో తెలుసుకోవాలి కదా.

ఆ మాటకొస్తే అసలు ప్రశ్న అడిగింది మా ఆవిడే. ‘అమ్మా, ఈయనకి మతిమరుపు ముదిరి నన్నే గుర్తుపట్టలేని స్థితి వస్తే ఈయన్ని ఎక్కడుంచుతారు, నన్నెక్కడుంచుతారు? రెండుచోట్లా చార్జీ కట్టాలా?’ అంది. ఆ పిల్ల నవ్వుతూనే మిమ్మల్ని చేతిలోకి తీసుకుని పేజీలు తిప్పింది. మొదటి పేజీ నుంచి పదహారో పేజీ దాకా, మళ్ళీ వెనక్కి. తిప్పిన ప్రతి పేజీలోనూ ఆ దంపతులు ఆమెకేసి చూసి నవ్వుతూనే ఉన్నారు. ‘కనుక్కుని ఫోన్ చేస్తానాంటీ’ అంది. దాని తప్పేముంది, ఆ పేజీ మీరు వేయించలేదు.

వాళ్ళిద్దరూ ఏ బ్లాకులో ఉంటారని కూడా అడిగాను, వీలైతే పలకరిద్దామని. వాళ్ళు మోడల్స్ అంకుల్, ఇక్కడుండరు అంది.

వచ్చే నెల నా మోకాలికి ఆపరేషన్. అది కాగానే మళ్ళీ వస్తాం. ఈసారి అపాయింట్‌మెంట్ లేకుండా, రాత్రి ఎనిమిదింటికి. బెల్లు నేనే కొడతాను, టైము మా ఆవిడ చూస్తుంది. వాకర్ ఎక్కడ పెట్టాలో ఎవరూ చూపించక్కర్లేదు. టెన్నిస్ బంతులు రెండు నేనే తెచ్చుకుంటాను.

ఇట్లు,
ప్రస్తుతానికి యాక్టివ్‌గానే ఉన్న
ఒక కాబోయే నివాసి