పెట్టె పంపితే వాయిద్యం పంపినట్టు కాదు

అమెరికాలో మన తెలుగు సంఘాల సావనీర్లలో ఏటా ఒక ఫొటో తప్పదు. ఊళ్లో బడికో గుడికో ఒక దాత కీబోర్డో వయొలినో అందిస్తుంటారు, భుజాన శాలువా ఉంటుంది. ఆ వాయిద్యం మరుసటేడు ఎలా ఉందో మాత్రం ఎవరూ రాయరు. నేను చూసినవాటిలో చాలామటుకు బీరువా మీదికి చేరాయి. ఒకదానికి తీగ తెగింది, ఇంకోదానికి అడాప్టర్ కాలింది, మరోదానికి శ్రుతి చేసే మనిషి దొరకలేదు. ఇచ్చే బుద్ధి మంచిదే, కాదనను. కానీ కొనడానికి పెట్టిన డబ్బులో సగమైనా దాన్ని పలికించడానికి పెట్టకపోతే మనం పంపింది ఉత్త సామానే.

ఈ మాట ఇంత గట్టిగా అనడానికి కారణం ఒక పాత పెడల్ స్టీల్ గిటారు. నేనుండేది అమెరికాలో నాష్‌విల్ దగ్గర. ఇక్కడి కంట్రీ పాటల వెనక సాగుతూ, మూలుగుతూ వినిపించేది అదే. మెడకి తగిలించుకునేది కాదు, కాళ్ల మీద నిలబడుతుంది, వాయించేవాళ్లు దాని ముందు కూర్చుంటారు. పది తీగలు. మెట్లు ఉండవు, వాటి చోట గీతలుంటాయి. ఎడమ చేతిలో పావుకిలోకి కాస్త తక్కువ బరువున్న ఉక్కు కడ్డీ తీగల మీద జారుతుంటే, పాదాలు పెడళ్లని, మోకాళ్లు మీటల్ని నొక్కుతాయి. నొక్కిన మేరకి కొన్ని తీగల శ్రుతి మారుతుంది. తీగ మీద ఉక్కు జార్చే పద్ధతి హవాయి నుంచి వచ్చింది. మోగుతున్న స్వరాన్ని పెడల్‌తో వంచడమనేది 1954లో కంట్రీ గాయకుడు వెబ్ పియర్స్ హిట్ పాట ఒకదానిలో స్టీల్ వాద్యకారుడు బడ్ ఐజాక్స్ చేసి చూపించాక నాష్‌విల్ అంతా పట్టుకుంది.

తిరుపతిలో మా అక్క కొడుకు శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాలలో వీణ నేర్చుకున్నాడు. మెట్లు లేకుండా, తీగల మీద దిమ్మె జార్చి వాయించే గోటువాద్యమంటే పిచ్చి. నేను పంపిన వీడియో చూసి, "మామా, ఇది కాళ్లతో వాయించే గోటువాద్యం గదా!" అన్నాడు. అప్పుడే అనుకున్నా, వాడికి ఒకటి తీసుకెళ్లాలని.

వీణ పుట్టిన దేశానికి ఈ కౌబాయ్ గిటారు ఎందుకని మా సంఘం కమిటీలో ఒక పెద్దాయన అడిగారు. వయొలిన్ కూడా సముద్రం దాటి వచ్చిందే కదండీ. కర్ణాటక విద్వాంసుడు బాలుస్వామి దీక్షితార్ పట్టుకున్నాక అది మనదైపోయింది. గిటారుని ఒళ్లో పడుకోబెట్టి హిందుస్తానీ రాగాలు వాయించిన విశ్వమోహన్ భట్‌కి 1994లో గ్రామీ వచ్చింది. ఆ సంశయానికి ఈ మాత్రం జవాబు చాలు.

కొనడం దగ్గర మనవాళ్ల బలహీనత మెరుపు. పాలిష్ మిలమిలలాడుతున్న ఫొటో చూస్తే పర్సు తెరిచేస్తాం. పెడల్ స్టీల్‌కి పైభాగం ముఖం మాత్రమే, ప్రాణం అడుగున ఉంటుంది. అమ్మేవాళ్లని బోర్లించి ఫొటో తీయమని అడగండి. ఒక్కొక్క పెడల్, ఒక్కొక్క మోకాలి మీట నొక్కి వదులుతూ వీడియో పంపమనండి. వదిలాక తీగ పాత శ్రుతికి వస్తోందా లేదా అన్నదే అసలు పరీక్ష. వాళ్లు మొహమాటపడితే ఆ బేరం వదిలేయండి. తీగల శ్రుతిని లాగి ఎత్తి, తోసి దించే పుష్-పుల్ రకం గిటార్ల నాదానికి ఇక్కడ భక్తులున్నారు, నేనూ ఒకణ్ణి. అయినా తిరుపతికి వెళ్లేదైతే అన్నీ లాగడంతోనే చేసే ఆల్-పుల్ రకమే కొంటాను. సర్దుబాటు తేలిక, కొత్తవాడైనా అలెన్ కీతో నేర్చుకోగలడు. ఆ కీలు అంగుళాల కొలతలవి, సెట్టు పెట్టెలోనే వేయండి, అక్కడ వెతుక్కోనక్కర్లేదు. రెండు మెడల, అంటే రెండు తీగల వరసలున్న గిటారు జోలికి పోవద్దు. పెట్టెతో కలిపితే విమానం వాళ్ల 23 కిలోల లెక్క దాటిపోతుంది.

నేను తీసుకెళ్లింది డెబ్బైల నాటిది, ఒక మెడ, మూడు పెడళ్లు, నాలుగు మోకాలి మీటలు. మా అక్క వాళ్ల వరండాలో దుప్పటి పరిచి బోర్లించాం. లాగుడు కడ్డీలు, స్ప్రింగులు, పెడల్ కదలికని ఆ కడ్డీలకి మళ్లించే బెల్ క్రాంకులు, కుడి చివర తీగల్ని ఎత్తి దించే ఛేంజరు అన్నీ బయటపడ్డాయి. ఎవరో ఏళ్ల తరబడి పోసిన నూనె ఛేంజరు వేళ్ల మధ్య బంకగా గడ్డకట్టింది. పాత వాయిద్యాలకి శత్రువు తుప్పని అంటారుగానీ నన్నడిగితే అతి నూనే. లైటర్ ద్రావకంతో బంక కరిగించి, పాత టూత్ బ్రష్‌తో తోమి, ఆరాక కీలు కీలుకి సూది మొనంత నూనె. అంతకు మించి ఒక్క చుక్క వేసినా మళ్లీ దుమ్ము పట్టి బంకే.

ఒక బెల్ క్రాంకు విరిగి ఉంది. రేణిగుంట రోడ్డులో లేత్ షాపుకి పట్టుకెళితే ఆయన వేళ్ల మధ్య తిప్పి చూసి, "ఇది పోత సార్, అతకదు. ఇత్తడిలో కొత్తది చేసిస్తా, పాతది ఇడిచిపెట్టి పోండి" అన్నాడు. చేసిచ్చాడు కూడా. అమెరికా నుంచి విడిభాగం తెప్పించుకోవడమే దారి అనుకునేవాళ్లు మన ఊళ్ల టర్నర్లని తక్కువ అంచనా వేస్తున్నారు.

శ్రుతి సంగతే నాకు అన్నిటికన్నా రుచించింది. E9 అనే శ్రుతి అమరికలో E స్వరాన్ని షడ్జమం చేసుకుంటే, మొదటి పెడల్ పంచమాన్ని చతుశ్రుతి ధైవతానికి ఎత్తుతుంది. రెండోది అంతర గాంధారాన్ని శుద్ధ మధ్యమానికి ఎత్తుతుంది. ఒక మోకాలు షడ్జమాన్ని కాకలి నిషాదానికి దించితే ఇంకోటి శుద్ధ రిషభానికి తోస్తుంది. ఇలా చెప్పేసరికి నాష్‌విల్ పాఠాల్లో అంకెల చార్టు చూసి బిక్కమొహం వేసిన మా మేనల్లుడు చకచకా నొక్కేశాడు. ముందు బిరడాలు తిప్పి ఖాళీ తీగలు, తరవాత పెడల్ నొక్కిపట్టి చివర నైలాన్ నట్టు తిప్పుతూ మారిన స్వరాలు సరిచేయాలి.

ట్యూనర్‌లో ఆకుపచ్చ దీపం వెలిగినా వాడు తృప్తిపడలేదు. "గాంధారం ఎక్కువుంది మామా" అన్నాడు. వాడి చెవే నిజం. ట్యూనర్ చూపేది స్థాయిని పన్నెండు సమభాగాలు చేసిన గాంధారం, షడ్జమానికి 400 సెంట్లు (స్వరాల దూరానికి కొలత) పైన ఉంటుంది. తంబురాలో దానంతటదే, స్వయంభువుగా వినబడేది సుమారు 386. చాలామంది స్టీల్ వాద్యకారులు కూడా తీగల మధ్య గరగర పోయేదాకా గాంధారాన్ని అలాగే దించుకుంటారు. అరకొర ట్యూనరు నమ్మే నాలాంటి వాళ్లకన్నా వీణ చెవి ఉన్న తిరుపతి కుర్రాడే ఈ గిటారుకి తగినవాడని అప్పుడనిపించింది. పెడల్ నొక్కితే చెక్క కాస్త వంగి మిగతా తీగలు రెండు మూడు సెంట్లు జారతాయి. దాన్ని ఏ మెకానిక్కూ పూర్తిగా పోగొట్టలేడు, చెవీ చేయీ కలిసి సర్దుకోవాలి.

కరెంటు విషయం. గిటారుకి దానంతట దానికి కరెంటు అక్కర్లేదు, ఆంప్లిఫయరుకి కావాలి. అమెరికా ఆంపు 120 వోల్టులది. తిరుపతి ప్లగ్గులో 230. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ మోసుకెళ్లే బదులు అక్కడే ఒక కీబోర్డ్ ఆంపు కొనేయండి. స్టీల్‌కి కావలసింది గరగరలాడని శుభ్రమైన శబ్దమే కాబట్టి సరిపోతుంది.

మిగిలింది తీగలు. షాపులో గిటారు తీగలంటే ఆరు తీగల సెట్టే చేతిలో పెడతారు. పది తీగల సెట్లు మనమే పంపాలి. అన్నిటికన్నా ముందు తెగేది మూడో తీగ, 0.011 అంగుళాలది, రెండో పెడల్ దాన్నే ఇంకా బిగదీస్తుంది. మామూలు ఎలక్ట్రిక్ గిటారు తీగల్లో ఆ మందం విడిగా దొరుకుతుంది కాబట్టి ఆపద్ధర్మంగా పనికొస్తుంది.

ఈ ఏడాది వాయిద్యాల విరాళం లెక్కలో గిటార్ల సంఖ్య సగానికి తగ్గించి, మిగిలిన డబ్బు తీగలకి, లేత్ పనికి, దగ్గర కూర్చుని నేర్పే మాష్టారి జీతానికి కేటాయించమని కమిటీకి రాసిచ్చాను. ఫొటోలో తీగల ప్యాకెట్లు కనపడవు కదా అని ఒకాయన నొచ్చుకున్నారు. కోశాధికారి మాత్రం నేరుగా విషయానికొచ్చి, మూడో తీగకే అన్ని అదనపు ప్యాకెట్లు ఎందుకని అడిగారు. తెగుతుంది గనక అన్నాను. రాసుకున్నారు.